తాత కుట్టిన చాందినీ, నేను రాసిన వార్త

మొన్న ఆదివారం కాప్రాలో మా అమ్మాయి వాళ్లింటి వరండాలో కూర్చుని పేపరు చదువుకుంటూంటే, స్కూటరుకు మైకు కట్టుకున్న మనిషి ఒకడు పాత పట్టుచీరలు, చిరిగిన జరీ అంచులు కొంటామని కేకవేసుకుంటూ వీధిలోకి వచ్చాడు. మా అమ్మాయి లోపలినుంచి వాళ్లమ్మ పెళ్లిచీర పట్టుకొచ్చి, పిగిలిపోయి బీరువాలో ఊరికే పడి ఉంది, ఇచ్చేద్దామా అని అడిగింది. జరీని వాళ్లేం చేస్తారో తెలుసా అంటే, కాల్చి వెండి తీస్తారట కదా అంది, పాలు కాచి మీగడ తీస్తారన్నంత మామూలుగా. నేను వద్దని ఎంత గట్టిగా అరిచానంటే, ఆ స్కూటరు మనిషి కూడా ఉలిక్కిపడి బండి ముందుకు పోనిచ్చాడు. ఎనభై దాటిన మనిషికి ఒక చిరిగిన చీర మీద అంత ఆవేశం ఎందుకో పిల్లకు అర్థం కాలేదు. ఇన్నేళ్లూ నేను ఇంట్లో ఎవరికీ చెప్పని సంగతి అది.

పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడు. మా నాన్నగారు గుంటూరు వైపు నుంచి వచ్చి సికింద్రాబాదులో మిషన్ బడి పంతులుగా స్థిరపడినవారు. సీతాఫల్‌మండిలో రెండు గదుల ఇంట్లో ఉండేవాళ్లం. నేను అప్పుడప్పుడే ఒక దినపత్రికలో విలేకరిగా చేరాను. పక్కింట్లో ఉండే ముసలాయన్ని వీధి వీధంతా తాత అనేది. ముఖమల్ గుడ్డను మంచంలాంటి చెక్క చట్రానికి బిగించి, దాని మీద వెండి తీగను సూదితో పూలుగా, ఆకులుగా పొదగడం ఆయన పని. జాగీర్దార్ల షేర్వానీలు, నిజాం ఫౌజు అధికారుల భుజాల మీది బిళ్లలు ఆయన చేతిమీదుగా పోయినవే. సైన్యం వచ్చి రాజ్యం మారడంతో షేర్వానీలు పెట్టెల్లోకి వెళ్లిపోయాయి, తర్వాత జాగీర్లూ పోయాయి, తాత గుమ్మం తొక్కేవాళ్లు లేకుండా పోయారు. ఇంట్లో చోటు చాలక ఆయన ఆ చట్రాన్ని మా వరండాలో పెడితే, మా అమ్మ దాని మీద గుడ్డ పరిచి అప్పడాలు ఎండబెట్టుకునేది. అది చూసి తాత, “నవాబుల షేర్వానీలు కుట్టిన కాడ ఇప్పుడు మీ అప్పడాలు ఎండుతున్నయి పంతులమ్మా, గవి సుత నాజూకుగనే ఉన్నయి” అని నవ్వేవాడు.

అటువంటి రోజుల్లో కొత్త ప్రభుత్వం చేతిపనుల వాళ్లలో నిపుణులను ఎంపిక చేసి సత్కరిస్తుందనీ, ఎంపికైనవాళ్లను కొత్తగా పెట్టబోయే శిక్షణ పాఠశాలలో గురువులుగా తీసుకుంటుందనీ మా ఆఫీసుకు కబురు వచ్చింది. తాతకు పిల్లలు లేరు, పని నేర్చుకున్న శిష్యుడూ లేడు. శాలువా సంగతి చెప్తే పెదవి విరిచిన మనిషి, గురువు అన్న మాట వినగానే లేచి కూర్చున్నాడు. కాకపోతే ఒక నిబంధన ఉంది. ఆయన చేతిపనిని కమిటీ పెద్దలు స్వయంగా చూడాలి. మీ ఇంట్లో ఏమైనా ఉందా అని అడిగితే, “కుట్టింది ఇంట్ల పెట్టుకుంటె నేను కుట్టెటోన్ని ఎట్లయిత పేపర్ సాబ్, నవాబునయిత గని” అన్నాడు.

చివరికి ఒక్కటి గుర్తొచ్చింది. తిరుమలగిరి వైపు ఒక జాగీర్దారు బంగళాలో, వాళ్ల పెద్దల కాలంలో పెళ్లిపీటల పైన పందిరి గుడ్డలా కట్టడానికి తాత, ఆయన భార్య కలిసి మూడేళ్లు కూర్చుని కుట్టిన చాందినీ ఉంది. ఇద్దరం వెళ్లాం. ఇంటి వ్యవహారాలు చూసే మున్షీ దాన్ని పెట్టెలోంచి తీయించి హాల్లో పరిపించాడు. మా పెద్దాయన, అంటే మా ఎడిటరు గారు, వార్తకు ఎంత, ఎప్పుడు, ఎక్కడ అన్నవే ప్రాణమని నూరిపోసిన రోజులవి. నేను పెన్సిలు తీసి ఎంత బరువు, ఏ తీగ, అసలా నకిలీనా అని వరసగా అడుగుతూ పోయాను. తాత మోకాళ్ల మీద వంగి ఏవేవో చూపిస్తూనే ఉన్నాడు, నేను రాసుకుంటూనే ఉన్నాను. రెండు కాలమ్‌ల వార్త వచ్చింది. అందులో నకిలీ పోగు ఒక్కటీ లేదనీ, అంతా బంగారు నీరు పట్టించిన మేలిమి వెండి తీగేననీ, ఇద్దరు మనుషులు పట్టుకుంటే గాని లేవదనీ రాశాను. మా పెద్దాయన భుజం తట్టాడు. తాత చదువురానివాడు కనుక మా నాన్నగారు చదివి వినిపించారు. ఆయన ఏమీ అనలేదు. సంతోషంతో మాట రాలేదనుకున్నాను.

పదిరోజులకు కమిటీ వాళ్లు జీపులో బంగళాకు వచ్చారు. ఉతికిన తలపాగాతో తాత, ఆయన పక్కన నేను. మున్షీ ఎదురొచ్చి అందరికంటే ముందు నాకు వంగి సలాం చేశాడు. “మీ మెహర్బానీ సాబ్. మేం ఇన్నేండ్లు ఉత్త ఇత్తడి జరీ అనుకుంటున్నం. మీ పేపర్ల పడ్డంకనే తెలిసింది. మొన్ననే అమ్మేసినం” అన్నాడు. ఎవరికి అని కమిటీలో ఒకాయన అడిగాడు. జరీ కాల్చేవాడికట. ఆ కాల్చేవాడు నా వార్త కత్తిరించి చేతిలో పట్టుకుని మరీ వచ్చాడట.

చూడని పనికి సంతకం పెట్టలేమని కమిటీ పెద్దలు మర్యాదగానే చెప్పి జీపెక్కారు. తాత, నేను బజారు వెనక సందులో ఆ కాల్చేవాడి కొట్టు వెతుక్కుంటూ పరుగులాంటి నడకతో వెళ్లాం. ఇంకా కాల్చి ఉండడేమోనన్న ఆశ నాది. కుంపటి చల్లారి ఉంది. మూల నల్లటి బూడిద కుప్ప, దాని పక్కన పళ్లెంలో వెండి ముద్ద. నేనెవరినో తెలిసి అతను పీట వేశాడు. “మీరు రాసింది నిజమే సాబ్, జెర సుత కల్తీ ఎల్లలే. గిసుంటి సరుకు సూడక శాన ఏండ్లయింది” అన్నాడు. నా రాతను అంత మనస్ఫూర్తిగా మెచ్చుకున్న పాఠకుడు ఆ తర్వాత నలభై ఏళ్ల ఉద్యోగంలో నాకు తగల్లేదు. ఆ పీట మీదే కూర్చున్నాను. తాత మాత్రం ఆ ముద్దను రెండు చేతులా తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, తిరిగి పళ్లెంలో పెట్టేశాడు.

తిరిగి వస్తూ రైలు స్టేషను దాటాం. అక్కడ ఆగి తాత, కోపం ఏ కోశానా లేని గొంతుతో, “ఎండి గురించి పేపర్ల అంత జాగ నింపితివి కొడకా. ఎండి నేను చేసిన్నా? నాలుగు మూలల సీతాఫలం కొమ్మలు కుట్టిన, కాయ మీద బొడిపె బొడిపె లేపిన, మా ముసల్ది చిలకలను కుట్టింది. గవి ఒక్కటన్న రాసినవా?” అన్నాడు. రాయలేదు. నాన్నగారు వార్త చదివి వినిపించిన రోజు ఆయన ఎదురుచూసింది ఆ మాట కోసమని నాకు అప్పుడు తెలిసింది.

పాఠశాలకు వేరే ఊరినుంచి గురువును తెచ్చారు. తాత సైనికుల సంచుల మీద మామూలు దారంతో నంబర్లు కుట్టి పెట్టి నాలుగేళ్లు బతికాడు. నన్ను మాత్రం ఎప్పటిలాగే పేపర్ సాబ్ అనే పిలిచాడు, ఆ పిలుపే నాకు భరించరానిదయ్యింది.

ఇప్పుడు కాలం మారింది. చేనేత వారికీ, చేతిపనుల వారికీ బిరుదులిస్తున్నారు, పేరుతో సహా ఫొటోలు వేస్తున్నారు, కుట్టు కుట్టునూ ఫోనుతో తీసి దాచుకోవచ్చు. సంతోషమే. అప్పట్లో ఒక్క ఫొటో అచ్చువేయడానికి లోహపు బ్లాకు చేయించడం మా పత్రికకు తలకు మించిన పని. అయినా, సత్కారాల వార్తల్లో ఎన్ని గ్రాముల బంగారం, ఎన్ని రోజుల శ్రమ అన్న లెక్కలు కనబడినప్పుడల్లా పేపరు మడిచి పక్కన పెట్టేస్తాను.

ఆ చాందినీని కళ్లారా చూసినవాళ్లలో ఇవాళ మిగిలింది బహుశా నేనొక్కణ్ణే. గంటసేపు దాని ముందు నిలబడ్డాను. చిలకలు ఎటు తిరిగి ఉన్నాయో, కొమ్మకు ఎన్ని కాయలో, ఆకులు విచ్చుకుని ఉన్నాయో ముడుచుకుని ఉన్నాయో ఎంత కళ్లు మూసుకున్నా కనబడదు. బరువు మాత్రం అడగండి, ఇప్పటికీ చెప్పగలను.