కొలతలమ్మ బిగించిన కడ్డీ

బస్సు డిపోలో ఆమెను అందరూ కొలతలమ్మ అనేవారు. బ్రేకుల విభాగంలో ఇరవై ఆరేళ్లు ఫిట్టరుగా చేసింది. కంటితో చూసి సరేననే అలవాటు ఆమెకు లేదు, స్కేలు పెట్టి చూశాకే ఒప్పుకునేది. ఉద్యోగం మానేశాక ఇంటి పక్క రేకుల షెడ్డులో వెల్డింగు మిషను, డ్రిల్లు పెట్టుకుంది.

కొడుకు కట్టుడు పళ్లు తయారుచేసేవాడు. కోడలు కొండ మీంచి కిందికి సైకిలు తోలే పందేల మనిషి. "పళ్లు కట్టేవాడొకడు, రాలగొట్టుకునేది ఒకతె. జోడీ బాగా కుదిరింది" అని నవ్వేది కొలతలమ్మ.

ఆ ఏడు మొదటి పందెంలోనే, మూడో మలుపు దగ్గర కోడలు పడింది. మోచెయ్యి చెక్కుకుపోయింది. బండి అమ్మిన దుకాణం అతను, "భయపడి బ్రేకు ఎక్కువ పడుతున్నారు మేడమ్" అని తేల్చేశాడు. ఆ మాట ఆమెకు చెయ్యి కంటే ఎక్కువ మండింది. ఇంటికొచ్చి షెడ్డులో అత్త ఎదురుగా కూలబడింది.

"నాకు భయమట అత్తయ్యా!"

"వాడి మాటకేం గానీ, బ్రేకు పట్టగానే ఏమైందో చెప్పు."

"వెనకంతా కర్రలా బిగుసుకుపోయింది. రాళ్ల మీద చక్రం ఎగిరెగిరి పడింది."

చెయ్యి మానాక ఓ ఉదయం కొలతలమ్మ ఆ మలుపు దగ్గర బండరాయి మీద కూర్చుంది. కోడల్ని నాలుగుసార్లు పైనుంచి రమ్మంది. నాలుగుసార్లూ మనిషి వంక చూడలేదు, వెనక చక్రాన్నే చూసింది. బ్రేకు పట్టనంతసేపూ చక్రం రాళ్లను తడుముకుంటూ లేస్తూ దిగుతూ వచ్చింది. బ్రేకు పట్టగానే షాకప్ కుంగి కూర్చుండిపోయింది, చక్రం నేలను వదిలేసింది.

షెడ్డుకు రాగానే సీటును చేత్తో నొక్కమంది. మెత్తగా దిగింది. బ్రేకు పట్టి నొక్కమంది. మొరాయించింది.

"చూశావా అమ్మాయ్? వెనక చక్రాన్ని మోస్తూ పైకీ కిందికీ ఆడే ఈ లోహపు చేతికే, చక్రాన్ని పట్టి ఆపే బ్రేకు దవడను కూడా బిగించారు. నువ్వు బ్రేకు పడితే చక్రం విసురంతా ఆ చేతి మీదే పడుతుంది. ఇంక అది రాళ్లకు తగ్గట్టు ఆడేదెలా? తప్పు నీ గుండెది కాదు, ఈ బిగింపుది."

కోడలి ముఖం విప్పారింది. కొడుకు మాత్రం గుమ్మంలోంచి, "అమ్మా, కొత్త బండిని కోసేస్తావా?" అన్నాడు.

"నువ్వు పన్ను అరగదీసేటప్పుడు నన్నడిగావట్రా?"

మందపాటి రేకు కోసి, బ్రేకు దవడను దాని మీదికి మార్చింది. ఆ రేకు ఇరుసు చుట్టూ స్వేచ్ఛగా తిరిగేలా బేరింగు వేసింది. బ్రేకు పట్టినప్పుడు అది చక్రంతో పాటు గిర్రున తిరిగిపోకుండా దాన్నుంచి ముందున్న ప్రధాన చట్రానికి, చక్రం మోసే చేతికి పైన, దానికి సమాంతరంగా, ఓ కడ్డీ బిగించింది. బ్రేకు బలం ఇప్పుడు కడ్డీ మీదుగా చట్రానికి పోతుంది, వెనక చెయ్యి తన పని తాను చేసుకుంటుంది.

కోడలు కొండ దిగి వచ్చి, "వెనక చక్రం నేలకు అతుక్కునే ఉంది అత్తయ్యా. కానీ బ్రేకు పడితే వెనక లేచి నన్ను హ్యాండిల్ మీదికి తోసేస్తోంది" అంది.

కొలతలమ్మ చిన్నబుచ్చుకోలేదు. కాస్సేపు గడ్డం గోక్కుంది. "అయితే ఆ కుంగుడు కొంత మనకు కావలసిందేనన్నమాట. బరువు ముందుకు పోకుండా అదే ఆపుతోంది. మొత్తం తీసేశాను చూడు, అదీ నా పొరపాటు."

కడ్డీ ముందు కొసను చట్రానికి పట్టి ఉంచే ఇనప పట్టీకి, మొదటి రంధ్రం కింద వేలెడు ఎడంతో ఒకటి, దానికింద ఇంకొకటి తొలిచింది. కడ్డీ ముందు కొస ఎంత కిందికి దించితే బ్రేకు పట్టినప్పుడు బండి అంత కుంగుతుంది. అట్టడుగు రంధ్రంలో పెడితే మళ్లీ పాత బిగువు వచ్చింది. మధ్య దాంట్లో పెట్టాక కోడలు కిందికి వచ్చి ఆగీ ఆగకముందే బండి భుజానేసుకుని మళ్లీ పైకి నడిచింది. కొలతలమ్మకు జవాబు దొరికింది.

అదే కొండ మీద జరిగిన తర్వాతి పందెంలో కోడలు నాలుగో స్థానంలో వచ్చింది, తన పాత సమయం కంటే పదకొండు సెకన్లు ముందు. మూడో మలుపులో ఇతరులు కాళ్లు దించుతుంటే ఆమె చక్కగా బ్రేకు పట్టి గీత గీసినట్టు తిరిగింది.

వారం తిరక్కుండానే ఆ పందెంలోని ఓ పిల్ల తన బండి తోసుకుంటూ షెడ్డుకొచ్చి, తనకూ కడ్డీ కావాలంది. కొలతలమ్మ ఆ బండి వెనక భాగాన్ని బ్రేకు పట్టి ఒకసారి, పట్టకుండా ఒకసారి నొక్కి చూసింది.

"నీ బండికిది అక్కర్లేదమ్మా, వెనక బాగానే ఆడుతోంది. మలుపులోకి వచ్చాక కాదు, రాకముందే బ్రేకు పట్టడం నేర్చుకో. మా కోడలు లోపలే ఉంది, పిలుస్తానుండు."