మారిసెల్వికి వేసిన కుర్చీ

మా ఊళ్లో తెలుగు రాయడం వచ్చినవాళ్లం నలుగురం. ముగ్గురు పోయారు. కాబట్టి మారిసెల్వి గురించి తెలుగులో ఎవరైనా రాయాలంటే నేనే రాయాలి.

నా పేరు పెరుమాళ్‌సామి. తమిళనాడులో కోవిల్‌పట్టి నుంచి ఎట్టయాపురం పోయే దారిలో, ఎడమకు తిరిగితే వచ్చే నల్లరేగడి ఊరు మాది. ఎనిమిదో తరగతి వరకు ఊరి బడిలోనే చదివాను. రెండు తడవలు పంచాయతీ ప్రెసిడెంటుగా ఉన్నాను. ఊరికి టౌను బస్సు తెచ్చింది నేను. నీళ్ల ట్యాంకు కట్టించింది నేను. పత్తి దిగుబడిలో ఒక ఏడాది తాలూకాకంతా మొదటి బహుమతి నాదే. బహుమతిగా ఇత్తడి బిందె ఇచ్చారు. అది ఇప్పటికీ ఇంట్లో ఉంది. నీళ్లు పోస్తే కారుతుంది. డెబ్బై ఏళ్లు నిండేదాకా ఆసుపత్రి గడప తొక్కలేదు. ఇవన్నీ గొప్ప కోసం చెప్పడం లేదు. మారిసెల్వి మొదటిసారి మా ఇంటికి వచ్చినప్పుడు అరుగు మీద ఎలాంటి మనిషి కూర్చుని ఉన్నాడో చదివేవాళ్లకు తెలియాలి కదా.

మారిసెల్వికి ముప్పై ఆరేళ్లు. ట్యాంకుకు అవతలి వీధి. వాళ్ల నాయన మారిసామి మా చేలో పని చేసిన మనిషి. వాళ్ల ఇంట్లోనూ మా ఇంట్లో మాట్లాడే తెలుగే మాట్లాడతారు. గడప దాటితే అందరిదీ అరవమే. ఆమె పదో తరగతి పాసైంది. ఆ ఏడు మా వీధిలో ఎవరూ పాసు కాలేదు. పాసై, కోవిల్‌పట్టిలో ఒక అగ్గిపెట్టెల ఫ్యాక్టరీకి పోయి ఎనిమిదేళ్లు చట్రాల్లో పుల్లలు పేర్చింది. పెళ్లయింది. మొగుడు తూత్తుకుడిలో ఉప్పు మళ్లలో పని. శనివారం వచ్చి సోమవారం తెల్లారి పోతాడు.

ఇల్లిల్లూ తిరిగి బీపీ, షుగరు చూసి మాత్రలిచ్చే పని ప్రభుత్వం పెట్టినప్పుడు ఆమెకు ట్రైనింగ్ ఇచ్చి తీసుకున్నారు. భుజాన ఒక సంచి, సంచిలో బీపీ మిషను, మాత్రలు, నోటుబుక్కు. చేతిలో గొడుగు. నూట నలభై ఇళ్లు. ప్రతి ఇంటికీ పదిహేను రోజులకు ఒకసారి వస్తుంది. వానకు ఆగదు. మా సీమలో వాన ఎవరినీ ఆపేంత పడదనుకోండి.

ఇక నా కళ్ల సంగతి. మా అరుగు మీద కూర్చుంటే ఎదురుగా నీళ్ల ట్యాంకు కనబడుతుంది. దాని మీద నా పేరు చెక్కిన రాయి ఉంది. నా చూపుకు అదే కొలత. ఐదేళ్ల కిందట రాయంతా చదివేవాణ్ణి. తరువాత పేరు మాత్రం. నిరుడు అక్కడొక తెల్లటి మరక ఉందని తెలిసేది. ఈ ఏడు ట్యాంకు ఎటువైపు ఉందో నాగమ్మాళ్ చెప్పాలి. నాగమ్మాళ్ నా భార్య.

రెండు కళ్లలోనూ శుక్లాలు. ఎడమది ముదిరింది. విరుదునగర్‌లో ఒక ఆసుపత్రివాళ్లు క్యాంపు పెట్టి ఉచితంగా ఆపరేషన్ చేస్తారు. రెండు క్యాంపులకు పోయాను. రెండుసార్లూ బీపీ నూట ఎనభై చూపించి వెనక్కు పంపారు. రెండోసారి డాక్టరు గట్టిగా చెప్పాడు, "మూడోసారికైనా తగ్గించుకుని రండి పెద్దాయనా. శుక్లం ఇంకా గట్టిపడితే చూపు వస్తుందని నేను మాట ఇవ్వలేను."

మాత్ర రోజూ వేసుకుంటున్నాను. వేళ తప్పలేదు. ఉప్పు తగ్గించాను. అయినా మారిసెల్వి మిషను నూటడెబ్బై ఐదు కిందికి దిగలేదు. తప్పు నాది కానప్పుడు ఎవరిది? మిషనుది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి ఒక కాగితం రాయించి పంపాను. కాగితాలు రాయించడం నాకు బాగా అలవాటు. బస్సు వచ్చింది కూడా కాగితం మీదే. మిషను చెడిపోయిందని, పట్టుకొచ్చే మనిషికి వాడడం తెలియదని రాయించాను.

మారిసెల్విని పిలిపించారు. ఒక పూటంతా వరండాలో నిలబెట్టారట. ఆ తరువాతి వారం ఎప్పటిలాగే మా అరుగు దగ్గరికి వచ్చింది.

"నిద్ర పట్టెనా అయ్యా?"

"పట్టె. మిషను మార్చి తెస్తివా?"

"అదే మిషనయ్యా. డాక్టరమ్మ తన చేతికే కట్టి చూసె. సరిగానే ఉండాదని చెప్పె."

నేను చెయ్యి చాపాను. ఆమె అరుగు కింద నిలబడి వంగి పట్టీ కట్టింది. గాలి కొట్టింది. నూటడెబ్బై ఎనిమిది. అంకె పైకి చెప్పి రాసుకుంది. మాత్రలు అరుగు అంచున పెట్టి పోయింది. మొహం ఎలా పెట్టుకుందో నాకు కనబడలేదు.

మా ఇంటికీ మా వదిన కరుప్పాయి ఇంటికీ నడుమ ఒకే గోడ. మా అన్న పోయి పన్నెండేళ్లు. వదినకు ఎనభై ఒకటి. మూడు పూటలా ఊరగాయ తింటుంది. చూపు పోతే వినికిడి పెరుగుతుందంటారు. ఆ రోజు గోడ అవతల నవ్వులు వినబడ్డాయి. మారిసెల్వి నవ్వు. ఆమెకు నవ్వడం వచ్చని నాకప్పుడే తెలిసింది. గోడ పట్టుకుని నిలబడ్డాను.

"ఏం మరిదీ, గోడకు చెవి పెట్టి నిలబడుండావు?" అని వదిన కేక వేసింది. "వాకిలి తెరిచే ఉండాది, రా!"

పోయాను. నేను లోపలికి అడుగు పెట్టగానే కుర్చీ కాళ్లు కిర్రుమన్నాయి. మారిసెల్వి లేచింది.

"నువ్వు కూర్చో పాపా," అంది వదిన. "వచ్చింది నా మరిది. కలెక్టరు కాదు."

మారిసెల్వి అప్పుడు వదినకు పట్టీ కట్టింది. నూట ముప్పై రెండు. వయసులో నాకంటే పెద్దది, ఊరగాయలో అంతకంటే పెద్దది, ఆమెకు నూట ముప్పై రెండు.

"నాకేల నూటెనభై వస్తాది?" అని అడిగాను.

"ఏల రాదు? ఆ పిల్ల నీ ఇంటికి వస్తే నిలబడే ఉంటాది. వచ్చిన కాలుతోనే పట్టీ కట్టి పరిగెత్తుతాది. నా ఇంట్లో కూర్చుంటాది, నాలుగు మాటలు చెప్తాది, అప్పుడు కడతాది. మిషనుకు ఆ తేడా తెలియదా?"

"నిజమా?" అని మారిసెల్విని అడిగాను.

"ట్రైనింగులో చెప్పిండారు అయ్యా. పట్టీ కట్టే ముందు ఐదు నిమిషాలు ఊరికే కూర్చోబెట్టాల. నేనూ పక్కన కూర్చుంటే వాళ్ల మనసు కుదుటపడతాది."

"మరి మా ఇంట్లో?"

ఆమె సంచి మూసుకుంది. జవాబు వదిన చెప్పింది, "నిలబడి ఎంతసేపు కతలు చెప్తాది?"

మా ఇంట్లో కుర్చీలు ఆరు. ప్రెసిడెంటుగా ఉన్నప్పుడు కొన్నవి. వాటిలో తాసీల్దారు కూర్చున్నాడు, బస్సు డిపో మేనేజరు కూర్చున్నాడు, విత్తనాలు అమ్మవచ్చినవాడు కూడా కూర్చున్నాడు. రెండేళ్లుగా పదిహేను రోజులకొకసారి వచ్చే మనిషికి మాత్రం ఒక్కటీ రాలేదు. ఎందుకు రాలేదంటే నా దగ్గర జవాబు ఉంది. మా నాయన దగ్గరా అదే జవాబు ఉండేది. రాయదగ్గ జవాబు కాదు.

మళ్లీ ఆమె వచ్చే రోజు పొద్దున నాగమ్మాళ్‌తో చెప్పాను, "ఒక కుర్చీ తెచ్చి అరుగు మీద వెయ్యి."

"ఎవరు వస్తారు?"

"మారిసెల్వి."

నాగమ్మాళ్ కుర్చీల దగ్గరికి పోయింది. అక్కడి నుంచి అడిగింది, "చేతులుండేదా, లేనిదా?"

"ఉండేది."

కుర్చీని రెండుసార్లు తుడిచిన చప్పుడు వినబడింది.

మారిసెల్వి వచ్చి ఎప్పటి చోటే నిలబడింది.

"కూర్చో."

"పరవాలేదయ్యా."

"నాకోసం వద్దు. మిషను కోసం కూర్చో."

కూర్చుంది. అంచున కూర్చుందని కుర్చీ చప్పుడే చెప్పింది. ఇక ఐదు నిమిషాలు గడవాలి. మంత్రి వచ్చినప్పుడు గంటసేపు మైకులో మాట్లాడినవాణ్ణి నేను. మొదటి నిమిషం బస్సు తెచ్చిన సంగతి చెప్పాను.

"తెలుసయ్యా," అంది.

రెండో నిమిషం ట్యాంకు సంగతి.

"ఆ నీళ్లే తాగతా ఉండామయ్యా," అంది.

మూడో నిమిషానికి ఇత్తడి బిందె ఉంది కానీ, ఎందుకో తీయలేదు. ఆమెను ఏదైనా అడుగుదామనుకున్నాను. ఏమడగాలో తెలియలేదు. చివరికి, "ఈ పొద్దు ఏమి వండితివి?" అన్నాను.

"సజ్జ కూడు, ఎండుచేపల పులుసు. శనివారం ఆయన తూత్తుకుడి నుంచి చేపలు తెచ్చె."

"మాకు లేదా?"

"అందులో ఉప్పు జాస్తి. మీరు అడగనే కూడదు."

లోపల నాగమ్మాళ్ నవ్వింది. మారిసెల్వి పట్టీ కట్టింది. నూటయాభై ఎనిమిది. ఆ ఏడాదికి అదే తక్కువ.

ఇది చదివి అంతా సుళువుగా దిగిపోయిందనుకోకండి. ఆ తరువాతిసారి నాగమ్మాళ్ ఆమెకు కాఫీ ఇచ్చింది, మేము తాగే లోటాలోనే. ఆమె తాగుతుండగా నేను ఆగలేక అడిగాను, "ఆ నాడు నిన్ను పిలిపిస్తే ఏమి చెప్తివి?"

"ఏమి చెప్పేది? అయ్యకు కండ్లు మసకేసుండాయి, చూపు పోతాదని భయపడుండారు, అందుకే అట్ల రాసుండారు, ఏమీ అనుకోకండి అని చెప్తిని."

"భయమా? నాకా?"

"అవునయ్యా," అంది, కాఫీ తాగుతూనే.

ఆ రోజు నూటఅరవై ఆరు వచ్చింది. నా గురించి నిజం మొదటిసారి విన్నాను కదా. అయినా కుర్చీ లోపల పెట్టమంటావా అని నాగమ్మాళ్ అడిగితే, అరుగు మీదే ఉండనీ అన్నాను.

మూడో క్యాంపు వచ్చింది. తెల్లారి ఆరు గంటలకు కోవిల్‌పట్టిలో వ్యాను. మా వైపు నుంచి ఎనిమిది మందిమి. తోడు మారిసెల్వి. వ్యాను సాత్తూరు దాటింది. నేను మనసులో లెక్క వేసుకుంటున్నాను, ఈసారి వెనక్కు పంపితే ఈ దారి నాకు ఇక కనబడదని. అలా అనుకుంటే బీపీ పెరుగుతుందని తెలుసు. తెలిస్తే ఆగుతుందా?

విరుదునగర్‌లో నర్సు పట్టీ కట్టింది. నూటడెబ్బై రెండు.

"ఈసారీ తిరిగి పోవాల్సిందే తాతా," అని అరవంలో చెప్పి పక్కవాణ్ణి పిలిచింది.

మారిసెల్వి ముందుకు వచ్చింది. "అక్కా, కాసేపు కూర్చోబెట్టి మళ్లీ చూడండి. వ్యాను దిగి అట్లే నడిచొచ్చుండారు."

"నువ్వెవరు, కూతురా?"

"లేదక్కా. మా తాత."

అప్పుడు కొలిచి ఉంటే ఎంత వచ్చేదో చెప్పలేను. కొలవలేదు.

గోడ పక్క బెంచీ మీద ఇద్దరం కూర్చున్నాము. నేనే మొదలుపెట్టాను.

"బస్సు తెచ్చింది నేనని చెప్తిని కదా."

"అవును."

"కాగితం రాయించింది నేనే. అయితే రెండు నూర్ల వేలిముద్రలు కావాలని చెప్పిరి. మీ వీధిలో, పక్క రెండూళ్లలో తిరిగి అన్నీ వేయించుకొచ్చింది మీ నాయన. వారం రోజులు చేనికి రాలేదు. ఫోటో తీసేటప్పుడు పిలవలేదు."

"తెలుసు. నాయన చెప్పుండాడు."

"కోపంగానా?"

"లేదు. బస్సు ఎక్కినప్పుడంతా చెప్పేవాడు, ఈ బండి నా వేలు పట్టుకొని వచ్చె అని." ఆమె నవ్వింది. "కండక్టరు మాత్రం ఎప్పుడూ టికెట్టు అడుగుతానే ఉండె."

నేనూ నవ్వాను. పక్కవాళ్లు తిరిగి చూసి ఉంటారు. కంటి ఆసుపత్రిలో చూసేవాళ్లు తక్కువ కాబట్టి ఫరవాలేదు. ఐదు నిమిషాలు పదిహేనయ్యాయి. నర్సు వచ్చి విసుగ్గా పట్టీ కట్టింది. నూటనలభై ఎనిమిది. మళ్లీ కట్టింది. నూటనలభై ఆరు.

"ఏం మాత్ర ఇచ్చావు?" అని మారిసెల్విని అడిగింది.

"ఏమీ ఇయ్యలేదక్కా. కూర్చుంటిని."

ఆ మధ్యాహ్నమే ఎడమకంటికి ఆపరేషన్ అయింది.

కట్టు విప్పి ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చుని ట్యాంకు చూశాను. రాయి ఉంది. నా పేరు ఉంది. నేను గుర్తు పెట్టుకున్నంత పెద్ద అక్షరాలు కావు. కుర్చీ నీలం రంగుదని కూడా అప్పుడే గుర్తొచ్చింది. మూడేళ్లుగా నాకది మట్టి రంగులో ఉండేది.

పదిహేనో రోజు మారిసెల్వి వచ్చింది. చెప్పకుండానే కూర్చుంది. గుండ్రటి మొహం, నుదుట చిన్న బొట్టు, మారిసామి ముక్కు. చెయ్యి చాపాను. ఆమె పట్టీ చుడుతోంది. ఆ కుడిచేతి మీద మణికట్టు నుంచి వేళ్ల దాకా చర్మం ముడతపడి మెరుస్తోంది. రెండు వేళ్లకు గోళ్లు లేవు.

"ఇదేమి?"

"అగ్గిపుల్లల చట్రం అంటుకొనె. అది చాలా ఏండ్లయ్యె."

"నాకు తెలియదే."

"చూస్తానే ఉండారు కదా అనుకుంటిని తాతా."

రెండేళ్లు. పదిహేను రోజులకొకసారి నా చేతికి పట్టీ కట్టిన చెయ్యి అది. కాస్తోకూస్తో కనబడిన మొదటి ఏడాది కూడా నేను మిషనునే చూశాను. ఏదో చెప్పబోయాను.

"మాట్లాడకూడదు," అంది. "గాలి కొడతా ఉండాను."

నేను మాట్లాడలేదు. బస్సు, ట్యాంకు, బిందె వరసలో ఇలా నోరు మూసుకుని కూర్చోవడం కూడా రాసుకుంటున్నాను.