ఐదు ఎలా వచ్చింది

మా వదినకు కోపం ముక్కు మీదే ఉంటుందని ఇంట్లో అందరూ అంటారు. నాకు ఆ మాట నచ్చదు. మనిషికి కోపం వచ్చిందంటే ముందు ఎందుకొచ్చిందో అడగాలి కదా. కారణం లేకుండా ఆవిడ కోప్పడటం నేనెప్పుడూ చూడలేదు. కారణాలకేమో ఈ లోకంలో కొదవ లేదు.

వదిన ఒక ట్యూషన్ సెంటర్లో ఫిజిక్స్ చెప్పేది. అదే సెంటర్లో ముందు గదిలో కూర్చుని రసీదులు రాసేది, మార్కులు కంప్యూటర్లో ఎక్కించేది, తల్లిదండ్రులు తిట్టడానికొస్తే ఆ తిట్లు మొదట తినేది నేను. నా గదికీ ఆవిడ క్లాసుకీ మధ్య ఉన్నది ఒక పల్చటి ప్లైవుడ్ గోడ. అటు ఆవిడ గొంతు చించుకుంటే ఇటు నా బల్ల మీద పెన్నుల డబ్బా అదిరేది. బడిలో ఉన్నన్నాళ్ళూ నా బుర్రకెక్కని ఉష్ణమూ విద్యుత్తూ ఆ గోడ వెనక కూర్చుని రసీదులు రాస్తూనే నాకు వంటబట్టాయి.

పిల్లలు ఆవిడకు ‘ఎలావచ్చిందమ్మ’ అని పేరు పెట్టారు. జవాబు తప్పయినా ఒప్పయినా ఆవిడ అడిగేది ఒకటే ప్రశ్న. ఒప్పు రాసి ఛాతీ విరుచుకున్నవాణ్ణి కూడా నిలబెట్టి “ఎలా వచ్చింది?” అనేది. వాడు పక్కవాడి వైపు చూసేవాడు. పక్కవాడు పైన ఫ్యాను వైపు చూసేవాడు. అంతే, ఆవిడకు ఒళ్ళు మండేది.

ఒకసారి వేడినీళ్ళలో చన్నీళ్ళు కలిపితే చివరికి ఎంత వేడి ఉంటుందన్న లెక్క ఇచ్చింది. ఒకడు కూడిక గుర్తు, తీసివేత గుర్తు తారుమారు చేసి, కలిపిన నీళ్ళు మొదటి వేడినీళ్ళకంటే ఎక్కువ వేడిగా ఉంటాయని తేల్చాడు. తేల్చి, కింద రెండు గీతలు కూడా కొట్టాడు. మీ ఇంట్లో అంతా కాలుతున్న నీళ్ళను చల్లార్చడానికి ఇంకో బకెట్ చన్నీళ్ళు పోసి వీపులు కాల్చుకుంటున్నారా అని వదిన వాణ్ణి అడిగింది. క్లాసంతా నవ్వింది. ఆవిడ నవ్వలేదు. లెక్క చేస్తున్నప్పుడు మీ ఇంట్లో నీళ్ళు ఎక్కడికి పోతాయిరా, పేపరు మీద నీళ్ళు తడిగా ఉండవా అని ఇంతెత్తున లేచింది. ఆ రోజు ఇంటికొచ్చాక కూడా ఆ వేడి దిగలేదు. అన్నయ్య స్నానానికి నీళ్ళు కలుపుకుంటుంటే వెళ్ళి బకెట్ వైపు కోపంగా చూసింది. పాపం, ఆయన తలుపు వేసుకున్నాడు.

ఇదంతా చిన్న కోపం. అసలు కోపం సంగతి ఇప్పుడు చెప్తాను.

సెంటర్ యజమానిని అందరం పుస్తకం సార్ అంటాం. ఆయన ఒక ఫిజిక్స్ లెక్కల పుస్తకం రాశాడు. అట్ట మీద ఆయన బొమ్మ ఉంటుంది, చెంప మీద చెయ్యి పెట్టుకుని దేన్నో ఆలోచిస్తున్నట్టు. సెంటర్లో చేరిన ప్రతి పిల్లా పిల్లాడూ ఆ పుస్తకం కొనాల్సిందే. పరీక్షల్లో ఇచ్చేది అందులోని లెక్కలే. అందులో ఒక లెక్క ఉంది. ఒక హీటరు ఒక గిన్నెడు నీళ్ళను పది నిమిషాల్లో మరిగిస్తుంది. అలాంటిదే ఇంకో హీటరును దానికి సిరీస్‌లో, అంటే ఒకదాని తోకకు ఇంకోదాన్ని తగిలించి, రెండింటినీ ఆ గిన్నెలోనే ముంచి, అదే ప్లగ్గులో పెడితే నీళ్ళు ఎంతసేపట్లో మరుగుతాయి? వెనక పేజీలో జవాబు: ఐదు నిమిషాలు.

గాడిద గుడ్డు. సరైన జవాబు ఇరవై నిమిషాలు.

ఆ ఐదు ఎలా వచ్చిందో కూడా పుస్తకంలో ఉంది. సిరీస్‌లో కరెంటు మారదు, రెసిస్టెన్స్ రెండింతలైంది, కనుక వేడి రెండింతలు, కనుక టైము సగం. వినడానికి నున్నగా ఉంటుంది. సిరీస్‌లో రెండు హీటర్లలోనూ పారే కరెంటు ఒకటేనన్నది నిజమే. కానీ ఇదివరకు ఒంటరి హీటర్లో పారినంత కరెంటే ఇప్పుడూ పారుతుందని ఎవరు చెప్పారు? రెండోదాన్ని తగిలించాక దారి రెండింతలు కష్టమై కరెంటు సగానికి పడిపోతుంది. మొత్తం వేడి సగమవుతుంది. నీళ్ళు మరగడానికి రెట్టింపు సేపు పడుతుంది. గోడ వెనక నుంచి విన్న నాకే అర్థమైందంటే ఇది పెద్ద బ్రహ్మవిద్యేం కాదు.

నాకు ఒళ్ళు మండేది తప్పు అచ్చయినందుకు కాదు. తప్పు ఎవరికైనా వస్తుంది. ఆ ఐదు రాబట్టడం కోసం ఏళ్ళ తరబడి తక్కిన టీచర్లందరూ ఆ తప్పుడు మెట్టునే నేర్పుకుంటూ వచ్చారు. వాళ్ళలో సగం మందికి అది తప్పని తెలుసు. తెలిసీ, పుస్తకంలో ఉన్నది రాయించేస్తే పోలా, మనకెందుకొచ్చిన గొడవ అనుకున్నారు. పిల్లలు ముందు వెనక పేజీ తిప్పి జవాబు చూసుకుని, దానికి తగ్గట్టు లెక్కను వంచడం నేర్చుకున్నారు.

ఆ ఏడాది క్లాసులో ఒక టైలర్ గారి అమ్మాయి ఉండేది. మొదటి సెక్షన్లో మొదటి కొద్దిమందికి ఫీజు ఉండదు, ఆ అమ్మాయి ఆ సీటు మీదే చదువుతోంది. ర్యాంకు జారితే సీటు పోతుంది, సీటు పోతే చదువు ఆగుతుంది. వాళ్ళ నాన్న మెషిన్ తొక్కి తొక్కి మోకాళ్ళు అరగదీసుకున్న మనిషి, ఫీజు కట్టే స్తోమత ఆయనకు లేదు. పరీక్షలో ఆ లెక్క వచ్చింది. మిగతా క్లాసంతా ఐదు రాశారు. ఆ అమ్మాయి ఒక్కతే మెట్టు మెట్టుకూ కారణం చెప్పుకుంటూ ఇరవై రాసింది. ఆ పేపర్లు దిద్దింది పుస్తకం సార్. సున్నా పెట్టాడు. అమ్మాయి సీటు అంచుకు జారింది. ఇంకొక్క పరీక్షలో అలాగే జరిగితే ఇంటికే.

వదిన ఆ పేపరు పట్టుకుని ఆయన గదిలోకి వెళ్ళింది. ఆ గది తలుపు మందంగా ఉంటుంది కానీ ఆవిడ గొంతు ముందు ఏ తలుపూ లెక్కలోకి రాదు. మీ పుస్తకం తప్పు, ఆ పిల్ల ఒప్పు, మార్కులు ఇవ్వండి అంది.  పుస్తకం చాలా ఊళ్ళలో అమ్ముతున్నారన్నాడాయన. ఇన్నేళ్ళుగా ఎవరూ అడగలేదన్నాడు. పిల్లల మనసులు పాడుచెయ్యొద్దన్నాడు. సరిగ్గా ఆ మాట దగ్గర ఆవిడ పేపరును ఆయన బల్ల మీద కొట్టి బయటికొచ్చేసింది.

మర్నాడు ఇంటి నుంచి ఒక చెక్కపలక తెచ్చింది. దాని మీద రెండు హోల్డర్లు, రెండు పాతరకం బల్బులు. వైర్లు అన్నయ్య బిగించాడు. నేను పని పక్కన పెట్టి గుమ్మంలో నిలబడి చూశాను. ముందు ఒక్క బల్బు వెలిగించింది, గది పచ్చగా వెలిగింది. తర్వాత రెండోదాన్ని సిరీస్‌లో కలిపింది. రెండు బల్బులూ జ్వరమొచ్చినట్టు నీరసంగా ఎర్రబడ్డాయి. వేడి పెరిగిందా తగ్గిందా అని అడిగితే తగ్గిందని క్లాసంతా ఒక్క గొంతుతో చెప్పింది. మరి కరెంటు మారలేదా అని అడిగింది. మారిందన్నారు. ఆవిడ మొహంలో సంతోషం చూసి నాక్కూడా సంతోషమేసింది. ఇక గొడవ తీరిందనుకున్నాం, పిచ్చిమొహాలం.

తర్వాతి పరీక్షలో పుస్తకం సార్ మళ్ళీ అదే లెక్క ఇచ్చాడు. ఈసారి పేపర్లు దిద్దే పని వదినకే అప్పగించాడు. జవాబుల కీ కూడా చేతిలో పెట్టి, దీని ప్రకారం దిద్దండి చాలు అన్నాడు. వదిన తలొంచుతుందో లేదో చూద్దామని.

మధ్యాహ్నం స్టాఫ్ రూములో ఆవిడ పేపర్లు తిరగేస్తుంటే నేను టీ తెచ్చాను. మొదటి పేపర్లో ఐదు. రెండో పేపర్లో ఐదు. కళ్ళతో బల్బులు చూసిన పిల్లలు, నోటితో తగ్గిందని చెప్పిన పిల్లలు, ఒక్కొక్కరూ వరసగా ఐదు. వదిన పళ్ళు నూరుతూ తిప్పుతోంది. చివరికి టైలర్ గారి అమ్మాయి పేపరు వచ్చింది. అందులో మొత్తం లెక్క సరిగ్గా చేసి, ఇరవై దాకా వచ్చి, అడ్డంగా కొట్టేసి, పక్కన ఐదు అని రాసి ఉంది.

ఆ అమ్మాయిని పిలిపించింది. నేను అక్కడే ఉన్నాను.

“ఐదు ఎలా వచ్చింది?”

అమ్మాయి తలొంచుకుంది. సీటు పోతుందని భయపడ్డావా అని వదిన అడిగింది. కాదని తలూపింది. వదిన గుచ్చి గుచ్చి అడిగింది. చివరికి ఏడుస్తూ చెప్పింది.

“సార్ మా క్లాసుకొచ్చారు టీచర్. ఎవరన్నా ఇరవై రాస్తే మీరు తప్పు పాఠం చెప్పినట్టంట. మిమ్మల్ని తీసేస్తారంట. అందుకని అందరం ఐదు రాద్దామనుకున్నాం.”

వదిన మొహం చూడాలి. అంత కోపం నేను ఎన్నడూ చూడలేదు, అది ఎవరి మీదో కూడా ఆవిడకు తెలిసినట్టు లేదు. లేచి కిటికీ దాకా వెళ్ళి, మళ్ళీ వచ్చి కూర్చుంది. ప్రశ్నపత్రం తీసి అమ్మాయి ముందు పెట్టింది. 

“ఇందులో ఏమేం ఇచ్చారో చదువు. ఒక హీటరు ఇచ్చారు, ఇంకో హీటరు ఇచ్చారు, పది నిమిషాలు ఇచ్చారు. నా ఉద్యోగం ఇచ్చారా? ఇవ్వనిదాన్ని లెక్కలోకి ఎందుకు తెచ్చావే?”

అమ్మాయి వెక్కుతూ వెళ్ళిపోయింది. వదిన ఎర్ర పెన్ను తీసింది. ఐదు రాసిన ప్రతి పేపరుకూ ఆ లెక్కలో సున్నా పెట్టింది, టైలర్ గారి అమ్మాయితో సహా. ఒక్కరికే పెడితే ర్యాంకు జారుతుంది. అందరికీ పెడితే ఎవరి ర్యాంకూ కదలదు. మిగతా లెక్కలన్నీ సరిగ్గా చేసిన ఆ అమ్మాయి మొదటి వరసలోనే ఉండిపోతుంది. పోయేదల్లా ఆవిడ ఉద్యోగమే, అది ఆవిడకు తెలుసు. పేపర్ల కట్ట నా చేతికిచ్చి, ఎక్కించు అంది. నేను ఎక్కించాను. పుస్తకం సార్ భోజనం నుంచి వచ్చేలోగా అచ్చుతీసి నోటీసు బోర్డుకు అంటించాను కూడా. నాకూ కోపాలుంటాయి.

ఆ సాయంత్రమే వదినను తీసేశారు. చెక్కపలక చంకన పెట్టుకుని ఆవిడ వీధిలో నడిచి వెళ్తుంటే నేను నా బల్ల దగ్గర కూర్చుని చూస్తూ ఉండిపోయాను. నన్ను తీసెయ్యలేదు. తల్లిదండ్రుల తిట్లు తినడానికి ఇంకో మనిషి దొరకొద్దూ?

తర్వాతి ఏడాది వదిన ఇంట్లోనే ముందుగదిలో పిల్లలకు చెప్పుకుంటోంది. ఒకరోజు సెంటరు వేళలోనే టైలర్ గారి అమ్మాయి పరుగున ఇంటికొచ్చింది. నాకు సెలవు కాబట్టి ఇంట్లోనే ఉన్నాను. పుస్తకం కొత్త ముద్రణ వచ్చిందట. వెనక పేజీ తిప్పి చూపించింది. ఆ లెక్కకు జవాబు: ఇరవై నిమిషాలు.

వదిన మొహం విప్పారింది. పుస్తకాన్ని చేతుల్లోకి తీసుకుని ఒక్క నిమిషం అలాగే చూసింది. తర్వాత అలవాటుకొద్దీ లోపలి పేజీ తిప్పింది. సిరీస్‌లో కరెంటు మారదు, రెసిస్టెన్స్ రెండింతలైంది, కనుక వేడి రెండింతలు. ఒక్క అక్షరం మారలేదు. ఆ కింద, కనుక టైము ఇరవై నిమిషాలు అని ఉంది.

పుస్తకం గోడకు తగిలి కింద పడింది. అన్నయ్య లోపలి నుంచి ఏమైందని అడిగాడు.

“వేడి రెండింతలైతే ఇరవై ఎలా వచ్చింది?” అని అరిచింది వదిన.

“నేనూ అదే అడిగాను టీచర్, క్లాసులో లేచి నిలబడి,” అంది అమ్మాయి. “బయటికి పంపించేశారు. అందుకే ఇలా వచ్చాను.”

అప్పుడు అర్థమైంది నాకు, క్లాసు వేళలో ఆ పిల్ల వీధిలో ఎందుకుందో. ఫీజు లేని ఆ సీటు గుర్తొచ్చింది. వదిన జాలిపడుతుందనుకున్నాను, తల నిమురుతుందనుకున్నాను. ఆవిడ నడుం మీద చెయ్యి పెట్టుకుని ఆ పిల్లను పైనుంచి కిందికి చూసింది.

“బయటికి పొమ్మంటే వచ్చెయ్యడమేనా? జవాబు చెప్పారా?”

“చెప్పలేదు టీచర్.”

“అయితే రేపు మళ్ళీ అడుగు.”

రేపు నాకు డ్యూటీ ఉంది. ప్లైవుడ్ గోడ పక్కనే కూర్చుంటాను.