వర్జ్యం దాటాక కొట్టిన పూత

మొన్న కళ్లజోడు తెచ్చుకుందామని గవర్నర్‌పేట వెళితే, పక్క కొట్టు షట్టరుకి ఒకతను స్ప్రేగన్‌తో రంగు కొడుతున్నాడు. ఆ బుస్సుమనే చప్పుడు విని, ఆటో ఎక్కవలసినదాన్ని అక్కడే నిలబడిపోయాను. సంతోషమూ కాదు, దిగులూ కాదు; కదలబుద్ధి కాలేదంతే.

ఫ్యూయల్ సెల్ అంటే ఇప్పుడు టీవీలో చూపించే హైడ్రోజన్ బస్సులే గుర్తొస్తాయి గానీ, నేను బెజవాడ కాలేజీలో పరిశోధన చేసే రోజుల్లో అది అరచేతిలో పట్టే పెట్టె. ఒకపక్క హైడ్రోజన్, ఇంకోపక్క గాలి పంపితే మధ్యలో కరెంటు పుడుతుంది. ఎంత పుడుతుందన్నది ఎలక్ట్రోడు మీది పూతను బట్టి ఉంటుంది. ప్లాటినం అంటించిన బొగ్గుపొడిని ఆల్కహాల్‌లో సిరాలా కలిపి, కార్బన్ కాగితం మీద కుంచెతో రాసేవాళ్లం. మా ఉక్కకి అది ఆరీ ఆరక పెచ్చులు లేచేది. చివరికి స్ప్రేగన్‌తో పల్చగా కొట్టి, ఆరనిచ్చి, మళ్లీ కొడితే కరెంటు పెరుగుతుందని తేలింది. అది నిధులిచ్చే కమిటీవాళ్లు వచ్చి కళ్లారా చూస్తే ల్యాబు నిలుస్తుంది, లేదంటే గది ఖాళీ చేయాలి.

మా గైడు మాస్టారు కెమిస్ట్రీలో దిట్ట, కానీ వర్జ్యంలో ప్లాటినం సీసా మూత కూడా తీయనిచ్చేవారు కాదు. కమిటీ వచ్చే ముందురోజు, వర్జ్యం రాకముందే నేను సిరా కలిపి ఉంచితే, పూత మాత్రం అది వెళ్లాకే కొడదామన్నారు, ఈలోగా కొంపలేం మునిగిపోవన్నారు. వర్జ్యం వెళ్లింది, వెంటనే కరెంటూ పోయింది. కరెంటు పుట్టించే ల్యాబులో సిరా కదిలించే మిషనుకి కరెంటు లేదు! సాయంత్రం అది వచ్చేసరికి పొడంతా అడుగున పేరుకుంది. ఇక వ్యవధి లేదని గాజుకడ్డీతో తిప్పి కొట్టేశాం. పూత ఉండలు కట్టింది. మర్నాడు కమిటీ ముందు మీటరు ముల్లు సగంలోనే ఆగిపోయింది. వాళ్లు మర్యాదగా టీ తాగి వెళ్లిపోయారు.

ఆ మరుసటి రోజు మాస్టారు పంచాంగం చూడలేదు. కొత్తగా సిరా కలిపించి, పొడి అడుగుకి దిగకముందే కొట్టించారు. ముల్లు ఎప్పుడూ పోనంత దూరం పోయి నిలిచింది. గదిలో మేమిద్దరమే. ఆయన చాలాసేపు చూశారు.

“వచ్చిందమ్మా. ఇక గ్యాసు కట్టేయ్.”

కట్టేశాను. నెల తిరక్కుండా గదికి తాళం పడింది.

ఇప్పుడా పూతలు మిషన్లే కొడతాయట, ఉక్క తగలని గదుల్లో, ఏ వేళప్పుడైనా. మంచిదే. మాస్టారు పోయారన్న కబురు విన్నప్పుడు కూడా నాకు ఏడుపు రాలేదు. ఆ ముల్లు అంత దూరం పోవడం చూసినవాళ్లం ఇద్దరమే ఇద్దరం, ఇప్పుడు నేనొక్కదాన్ని.