కరవని బూట్లు

మొన్న రాజమండ్రిలో షుగరు డాక్టరుగారు నన్ను బల్ల మీద పడుకోబెట్టి, కళ్ళు మూసుకోమని, గేలపు దారంలాంటి సన్నటి నైలాను పోగు ఒకటి తీసి నా అరికాళ్ళ మీద అక్కడా ఇక్కడా ఆనిస్తూ, "తగిలినప్పుడల్లా చెప్పండి" అన్నారు. ఆనించిన ప్రతిచోటా "తగిలిందండి" అన్నాను. ఆయన నివ్వెరపోయి, ఈ వయసులో ఇలాంటి పాదాలు తన సర్వీసులో చూడలేదనీ, మెడికల్ కాలేజీ పిల్లల్ని పిలిపించి చూపించాలనీ అన్నారు. నిజానికి అంత మాట అనలేదు లెండి. "ఊఁ, పర్వాలేదు" అని కాగితం మీద ఏదో గీసుకున్నారు. గోరంత దాన్ని కొండంత చెయ్యడం నాకు చిన్నప్పట్నుంచీ ఉన్న జబ్బు. చేసి కాసేపటికి నేనే ఒప్పేసుకుంటాను కాబట్టి మావాళ్ళెవరూ పట్టించుకోరు. బల్ల దిగి, కుర్చీలో కూర్చుని నా పాత తోలుబూట్లు తొడుక్కుంటుంటే, వాటితోపాటు ఒకే రోజు ఒకే కొట్లో కొన్న ఇంకో జత గుర్తొచ్చింది. అది మా బావగారిది.

బావగారంటే మా అక్క భర్త. కాపురం కొవ్వూరు. మనిషి నల్లగా, నిటారుగా, తెల్ల పంచె కట్టుకుంటే గుడి ముందు ధ్వజస్తంభంలా ఉండేవారు. తొంభైల్లో ఆయనా నేనూ కలిసి మండపేటలో ఒక రైసుమిల్లుకి ధాన్యం కొనిపెట్టేవాళ్ళం. ఊరూరా తిరగాలి, కళ్ళాల్లో రాశిలో చెయ్యి పెట్టి గింజ నోట్లో వేసుకుని కొరికి, తేమ ఎంతుందో చెప్పాలి. ఆ తిరుగుడు కోసం డబడబమని చప్పుడు చేసే పాత పెద్ద బండి ఒకటి కొన్నాను. దాన్ని స్టార్టు చెయ్యడం తెలియక మొదటిరోజు కిక్కు కొడితే, ఆ రాడ్డు వెనక్కి తన్ని నన్ను గాల్లోకి లేపి పక్కింటి కొబ్బరిచెట్టు మొవ్వులో కూర్చోబెట్టింది. సరే, మొవ్వు దాకా లేదు. ముంగాలి మీద చర్మం లేచిపోయింది, కుంటుకుంటూ అరుగు దాకా వెళ్ళాను. బావగారు చూసి, "ఈ గుర్రానికి చెప్పులు చాలవయ్యా బావమరిదీ, బూట్లుండాలి. మడమ దాటి పైదాకా వచ్చేవి" అని తీర్పు చెప్పారు. నాకు కొంటూ తనకీ కొనుక్కుంటానన్నారు. వెనక కూర్చునేవారికి బూట్లెందుకని అక్క అడిగితే, "గుర్రం దిగాక నడిచేది నేనేగా" అన్నారు.

బూట్లు సాయంత్రమే కొనాలని బావగారి సిద్ధాంతం. పొద్దుటి కాలికి కొంటే సాయంత్రపు కాలికి పట్టదట. అందుకని పొద్దు వాలాక బ్రిడ్జి దాటి రాజమండ్రి వెళ్ళాం. కొట్టాయన మా పాదాలు చూసి, జీవితమంతా చేలగట్ల మీద నడిచి వెడల్పయిపోయాయని, ఒక సైజు పెద్దది తియ్యబోయాడు. నాకు అలాగే తీశాడు. అయినా కాలు పెడితే చిటికెన వేలు దగ్గర పట్టేసింది. "తోలండి, సాగుద్దండి, ఆయ్. కొత్తకోడలనుకోండి, నాలుగు రోజులు మూతి ముడుచుకుంటుంది" అన్నాడు. బావగారు మాత్రం పెద్ద సైజు వేసుకుని, "ఎవరివో బూట్లు ఎరువు తెచ్చుకున్నట్టుంది, చిన్నది ఇవ్వవయ్యా" అన్నారు. చిన్నది తెచ్చాడు. అదీ వదులే అన్నారు. ఇంకా చిన్నది తెచ్చి, ముని వేళ్ళ దగ్గర బొటనవేలితో నొక్కి, "ఇక్కడ పట్టేస్తోందాండి?" అని అడిగాడు. "అబ్బే, దూదిలో పెట్టినట్టుంది" అన్నారు. కొట్టాయన తోలు వంకా, బావగారి మొహం వంకా చూసి, "అదృష్టవంతులండి" అన్నాడు. నేనూ అదే అనుకున్నాను. ఆయనకి షుగరుందని మాకు తెలుసు. తెలియడమంటే, కాఫీలో పంచదార వేసుకోరని తెలుసు. అంతకుమించి షుగరంటే ఏంటో ఆ రోజుల్లో మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

నా బూట్లు కరిచాయి. చెప్పు కరవడం ఎరుగుదును గానీ, ఇవి కరిచిన తీరు వేరు. మడమ మీద గుమ్మడికాయంత బొబ్బ లేచింది. పోనీ, ఉసిరికాయంత. ఆముదం రాసి ఎండలో పెట్టాను, ఇల్లంతా బాలింతరాలి గదిలా వాసన. మేజోళ్ళు రెండేసి తొడిగాను, ఇంట్లో మంచం మీద కూర్చుని తొడుక్కుని పేపరు చదివాను. పైగా బూట్లతో మా సీమలో ఇంకో చావు ఉంది. ఏ ఇంటికి వెళ్ళినా గుమ్మం ముందు విప్పాలి, చెంబుతో నీళ్ళిస్తే కాళ్ళు కడుక్కోవాలి, అప్పుడు లోపలికి. చెప్పులైతే నడుస్తూనే వదిలేస్తాం. ఈ తాళ్ళు విప్పి, కాలు పీకి, మేజోడు లాగి, మాట్లాడొచ్చి, తడికాలికి మళ్ళీ మేజోడు ఎక్కించి, తాడు కట్టేసరికి రైతు ధాన్యం ఇంకొకడికి మాటిచ్చేసేవాడు. దాంతో బావగారు ఒక పద్ధతి పెట్టారు. ఎవరింట్లోకీ వెళ్ళరు. అరుగు మీదే కూర్చుని, బూట్లు వీధిలోకి చాపి, మజ్జిగైనా కాఫీ అయినా అక్కడికే తెప్పించుకుంటారు. "లోపలికి రండి బాబూ" అని ఇల్లాలు పిలిస్తే, "బూట్లమ్మా, బూట్లు" అని చూపించేవారు, కాళ్ళకి పసుపు రాసుకున్న పెళ్ళికూతురిలా. పొద్దున్న తొడిగితే ఇంటికొచ్చాకే విప్పడం. ఆయన పాదాల్ని పగటివెలుతురులో చూసిన వాళ్ళు అప్పట్నుంచీ లేరు.

ఆయనవి కరవకపోయినా, బిగుతు కదా, తొడగాలంటే అక్కా నేనూ చెరోపక్కా పట్టుకోవాల్సి వచ్చేది. అందుకని ఒకరోజు ఆయనే ఉపాయం కనిపెట్టారు. నారుమడికి విత్తనం మండె కడతాం కదా, నానబెట్టిన వడ్లు గోనెలో మూటకట్టి బరువు పెడతాం, గింజ ఉబ్బి గోనె డప్పులా బిగుస్తుంది. "గోనెని సాగదీసింది తోలుని సాగదియ్యదా?" అని నానిన విత్తనాలు నాలుగు బూట్లలోకీ దట్టించి, తాళ్ళు బిగించి, వసారాలో వరసగా నిలబెట్టారు. ఇంతలో పట్టిసీమలో చుట్టాలింట పెళ్ళి వచ్చింది. వెళ్ళి, ఉండమంటే ఉండిపోయి, తిరిగొచ్చి చూస్తే బూట్లలో నారు మూరెడు లేచి గాలికి ఊగుతోంది! మూరెడు కాదు. ముక్కు పగిలి తెల్లటి వేళ్ళు వచ్చాయి, అంతే. అక్క చూసి, "మీ మావగారిచ్చిన మడి చాలక బూట్లలో కూడా నారు పోశారేంటండీ? ఎరువు నేను చల్లనా, మీరు చల్లుకుంటారా?" అంది. నవ్వుకుంటూ దులిపాం. వేళ్ళు కుట్లలోకి దూరి కొన్ని గింజలు ఓ పట్టాన ఊడి రాలేదు. పుల్లతో గీరి, నీడలో ఆరబెట్టి, మర్నాడు తొడుక్కున్నాం. తోలు నిజంగానే సాగింది. బావగారు వారం రోజులు ఊరందరికీ ఆ సంగతే చెప్పారు.

తొడుక్కున్న మొదటిరోజే, బండి మండపేట పొలిమేర చేరేసరికి నా బొటనవేలి కింద ఏదో గుచ్చుకుంది. ఆపి, విప్పి, చెయ్యి పెడితే ఎండిన వడ్లగింజ, వేరుతో సహా కుట్టుని పట్టుకుని ఉంది. సూదిలా ఉంది మొన. పీకి పారేశాను. "వడ్లగింజకే బండి ఆపేస్తే బియ్యం బస్తా మొయ్యగలవా నువ్వు?" అన్నారు బావగారు. "మీవీ ఓసారి చూసుకోండి బావగారూ" అన్నాను. "నాకేం గుచ్చుకోవట్లేదే" అన్నారు. గుచ్చుకోకపోతే గింజ లేనట్టే కదా. ఇద్దరం అలాగే అనుకుని బండెక్కాం.

తర్వాత వచ్చిన ఆదివారం మధ్యాహ్నం భోజనానికి నేనూ కొవ్వూరులోనే ఉన్నాను. అక్క, "ఈ పూటైనా కాళ్ళు కడుక్కుని రండి మనుషుల్లా" అని చెంబు పట్టుకుని గుమ్మంలో నిలబడింది. ఆయన గోడకి ఆనుకుని బూటు విప్పారు. మేజోడు పాదానికి అంటుకుపోయింది, లాగితే వచ్చింది. అక్క నీళ్ళు పోసింది. మెట్టు మీంచి కిందికి జారిన నీళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఏవండీ, ఎక్కడ గీరుకుంది?"

"ఎక్కడా లేదే."

"లేదేంటండీ, చూడండి!"

ఆయన చూశారు. పక్కింటివాళ్ళ గేదెకి తగిలిన దెబ్బ చూసినట్టు, తల కాస్త వంచి, కుతూహలంగా చూశారు. "ఇది నాదేనా?" అన్నారు. హాస్యానికి అనలేదు. నేను బూటులో చెయ్యి పెట్టాను. ముందుభాగంలో కుట్టు దగ్గర, వేలికి తగిలింది గింజ.

రాజమండ్రి ఆసుపత్రిలో కాలు ఉంచుదామనే చూశారు. ముందు వేలు తీశారు. అది మానకపోతే పాదంలో ముందు సగం తీశారు. ఆ తర్వాత చీలమండ పైకి తీశారు. ప్రతిసారీ పెద్ద డాక్టరు వచ్చి నొప్పిగా ఉందా అని అడగడం, ఈయన లేదండి అనడం. నొప్పంటూ ఉంటే కేకలు వేసేవారు, మేము ఏడ్చేవాళ్ళం, అదొక దారిలో పోయేదేమో. నొప్పి లేని గదిలో ఏం చెయ్యాలో మాకు తెలియలేదు. అక్క బత్తాయి తొనలు వలిచి ఇచ్చేది. ఆయన తినేవారు. నేను కిటికీలోంచి బ్రిడ్జి మీద గూడ్సు పెట్టెలు లెక్కపెట్టేవాణ్ణి. ఇంటికొచ్చాక ఒకరోజు వసారాలో మిగిలిన బూటు చూసి, "ఆ రెండోది ఎవరికైనా ఇచ్చెయ్యండి, దానికేం జబ్బు లేదు" అన్నారు. ఒంటి బూటు ఎవరు తీసుకుంటారు? చాన్నాళ్ళు అలాగే ఉండిపోతే, అక్క దాంట్లో చీపురుపుల్లలు పెట్టుకునేది. కొన్నేళ్ళ తర్వాత ఒక పొద్దున్న ఆయన పోయారు. కబురు విని నేను గోదావరికి వరదొచ్చినంతగా ఏడ్చానని అందరికీ చెబుతుంటాను. ఒక్క చుక్క రాలేదు. బండి స్టార్టు చేసి, బూటుతాళ్ళు సరిగ్గా కట్టానా అని చూసుకుని, బయల్దేరాను.

మొన్న డాక్టరుగారి దగ్గర్నుంచి తిన్నగా కొవ్వూరు వెళ్ళాను. అక్కకి ఎనభై దాటాయి. నేను బూట్లు విప్పుతుంటే, చెంబు తెచ్చి గుమ్మంలో నిలబడింది.

"డాక్టరేమన్నాడ్రా?"

"పాతికేళ్ళ కుర్రాడి కాళ్ళన్నాడే. నీ తమ్ముడంటే ఏమనుకున్నావు?"

"కళ్ళు మూసుకో."

మూసుకున్నాను. పాదాల మీద నీళ్ళు పోసింది. "వేణ్ణీళ్ళా, చన్నీళ్ళా?" అంది. రెప్పలు కాస్త ఎత్తి చెంబులోంచి ఆవిరి వస్తోందేమో చూడబోయాను. ముడతలుపడ్డ అరచెయ్యి నా కళ్ళకి అడ్డం వచ్చింది. "తొంగిచూడకు. ఆ కాలు పోయాక రెండోదాని మీద నీళ్ళు పోసి అడిగితే మీ బావగారూ ఇలాగే చూసేవారు" అంది.

ఇక ఇది కూడా ఒప్పేసుకోవాల్సిందే. డాక్టరుగారి నైలాను పోగుని కూడా నేను రెప్పల సందులోంచే చూశాను. అది పాదానికి ఆనినప్పుడల్లా చూసి, తగిలిందన్నాను. ఇన్నేళ్ళుగా ఈ బూట్లు పెరుగన్నంలా మెత్తబడ్డాయని, వీటిని మాలిమి చేసింది నేనేనని వీధివీధికీ చెప్పుకున్నాను. చివరిసారి ఎప్పుడు కరిచాయో గుర్తు చేసుకుందామంటే గుర్తు రావడం లేదు.

నీళ్ళు పడుతూనే ఉన్నాయి. సిమెంటు మీద చప్పుడు చెవికి తెలుస్తోంది. పాదాల దగ్గర మాత్రం ఏదో దూరపు ఊళ్ళో వాన పడుతున్నట్టుంది.

"వేణ్ణీళ్ళు" అన్నాను.

అక్క చెయ్యి తీసింది. నూతి నీళ్ళు. చెంబు చెమర్చి ఉంది. తువ్వాలు నా భుజాన వేసి, "రేపు మళ్ళీ వెళ్ళి ఆ డాక్టరుకి నిజం చెప్పిరా" అంది. వెళతానన్నాను. తర్వాత మెట్టు మీద కూర్చుని నా బూట్లు ఒళ్ళోకి తీసుకుని, ఒకదాని తర్వాత ఒకటి బోర్లించి తట్టింది. ఏమీ రాలలేదు. అయినా లోపలికి చెయ్యి పెట్టి, ముందుభాగంలో కుట్టు వెంబడి వేళ్ళతో వెతుకుతూ చాలాసేపు అలాగే కూర్చుంది. బావగారు పోయిన కొత్తలో కాలం కూడా కరిచేది, ఈ మధ్య కరవడం మానేసింది. అది మెత్తబడిందో నేను మొద్దుబారానో, కళ్ళు మూసుకుని చెప్పమంటే మాత్రం చెప్పలేను.