మూడు నల్ల బండలు

ఇప్పటిదాకా ఎవరికీ చెప్పని మాట ఒకటి చెబుతాను. మా ఆఫీసులో అందరూ మెచ్చుకుని, ప్రింటు తీసి ప్యాంట్రీలో ఫ్రిజ్ మీద అంటించుకున్న ఆ అయిదు పేజీల మంజీర ఒడ్డు గైడు రాసేనాటికి నేను ఆ ఊరి మొహం కూడా చూడలేదు. ఆరుగురు ఇంజనీర్లను, ఆరు కిరాయి సైకిళ్ళను నీళ్ళపాలు చేయబోయిన ఆ గైడు పుట్టింది బోరబండలో, మా ఇంటి రెండో అంతస్తులో, నా మంచం మీద. ఊరి పేరు మాత్రం రాయను. మళ్ళీ ఎవరైనా కాగితం పట్టుకుని బయల్దేరితే నాది పూచీ కాదు.

ముందు నా సంగతి. మీటింగులో నా వంతు వస్తే అందరూ నా మైకు మ్యూట్‌లో ఉందనుకునేవారు. మైకు బాగానే ఉండేది, నేనే మ్యూట్‌లో ఉండేదాన్ని. ఆ మాటలన్నీ డైరీలోకి పోయేవి. అందులోనూ ఒక పిచ్చి ఉంది. వెళ్ళని ఊళ్ళకు వెళ్ళినట్టు రాసుకుంటాను. "పొద్దున ఆరింటికి నది ఒడ్డున నడిచాను, ఇసుక చల్లగా ఉంది" అని రాసిన రోజు నిజానికి లోకల్ రైల్లో ఎవరి బ్యాగో నా మెడకు తగులుతుంటే ఒంటికాలి మీద నిలబడి ఉన్నాను.

ఆ ఊరి గురించి లైబ్రరీలో ఒక పాత పుస్తకం దొరికింది. నదికి ఈవల గుట్ట మీద ఒక బురుజు, ఆవలి ఒడ్డున రాతి మెట్లు. మిగతాదంతా ఉపగ్రహం తీసిన మ్యాపులో చూసి, వేలితో నడిచి, సైకిలు తొక్కి, పడవ వేసి, డైరీలో నలభై పేజీలు నింపాను. ఒక మధ్యాహ్నం అన్నం తింటూ అది తెరిచి పెట్టుకున్నాను. పక్క సీటు రజిత తొంగి చూసింది.

"ఏందే ఇది, నువ్వు పోయినవా గీడికి?"

నోటినిండా సాంబారన్నం. తల ఊపాను. తల ఊపడం నా మాతృభాష లెండి.

"ఒక్కదానివే? నాకు చెప్పనన్న చెప్పలే. ఉండు, సార్‌కు చెప్త."

మా మేనేజరు సుధాకర్ గారు గోదావరి వైపు మనిషి. చాలా మంచివారు. రెండేళ్ళుగా నన్ను "హరిత గారూ" అని పిలుస్తున్నారు. నేను హారికనని చెప్పడానికి సందర్భం దొరకలేదు. ఆ సాయంత్రం ఆయనే నా సీటు దగ్గరికి వచ్చారు.

"హారిక గారూ, ఇంత తిరిగారని చెప్పనేలేదండీ. దీన్నొక డాక్యుమెంటుగా రాసివ్వండి. నడక, సైకిలు, పడవ, మూడూ విడివిడిగా. టీమంతా వెళదాం. మీరే దారి చూపించాలి."

హారిక. రెండేళ్ళకు నా పేరు నాకు దక్కింది. నిజం చెబితే రేపటినుంచి మళ్ళీ హరితనే, పైగా అబద్ధాలాడే హరితను. అందుకని ఇంకోసారి తల ఊపాను.

మధ్యలో ఒక ఆదివారం వెళ్ళి చూసి రావచ్చు కదా అని మీరంటారు. ఉన్నవి రెండు ఆదివారాలు, రెండు రోజులూ కుండపోత వాన. ఇంత వానకు నది ఏమవుతుంది అని ఆలోచించాల్సిన దాన్ని, కిటికీ పక్కన కూర్చుని డాక్యుమెంటుకు అక్షరాల సైజు సరిచేసుకుంటున్నాను.

సెప్టెంబరులో ఒక శనివారం తెల్లాపూర్ దగ్గర కలుసుకుని, సైకిళ్ళను వ్యానెక్కించి బయల్దేరాం. సుధాకర్ గారి చేతిలో నా డాక్యుమెంటు, ప్లాస్టిక్ కవరులో. ప్రతి అంశం పక్కన టిక్కు పెట్టడానికి పెన్ను.

"మొదటిది సైకిలు. 'ఎర్రమట్టి దారి, పూర్తిగా సమతలం' అని రాశారండి," అన్నారు ఊరి చివర సైకిళ్ళు దించి.

దారి ఎర్రగానే ఉంది. సమతలం సంగతికొస్తే, పైనుంచి చూస్తే గుట్ట కూడా చపాతీలాగే కనిపిస్తుందని నాకు అంతవరకూ తెలీదు. పది నిమిషాల తర్వాత సైకిళ్ళు మమ్మల్ని మోయడం మానేశాయి, మేమే వాటిని మోశాం.

"హారికా, సమతలం ఇంకెంత దూరముందే?" అంది రజిత, భుజం మీద చక్రంతో.

కానీ గుట్ట ఎక్కి బురుజు పక్కన నిలబడగానే అందరూ సైకిళ్ళు వదిలేసి అంచు దగ్గరికి పరిగెత్తారు. కింద జొన్నచేలు, ఆ చేలను చుట్టుకుని వంపు తిరిగిన నది, నీళ్ళ మీద మబ్బుల నీడలు. బురుజు రాళ్ళ సందుల్లో చిలకలు. నా నలభై పేజీల్లో ఒక్క చిలక కూడా లేదు. రాసినదానికంటే నిజం ఇంత బాగుంటుందని తెలిసి, సంతోషమో సిగ్గో తెలియక కళ్ళు చెమర్చాయి.

"కష్టం ముందు చెప్పకుండా దాచి, ఈ దృశ్యం చూపించారు. గొప్ప ఆలోచనండి," అని సుధాకర్ గారు టిక్కు పెట్టారు.

నేను మాత్రం నదినే చూస్తున్నాను. మ్యాపులో ఆ చోట తెల్లటి ఇసుక ఉండాలి. మ్యాపు ఫొటో ఎండాకాలంలో తీసిందని అప్పుడు, సరిగ్గా అప్పుడు, వెలిగింది.

ఒడ్డుకు దిగాక ఆయన పైకి చదివారు. "'చెప్పులు తడవకుండా ఇసుక మీద నడిచి ఆవలి మెట్లు చేరుకోవాలి.' ఇసుక ఏదండీ?"

"కింద ఉంది సార్, నీళ్ళ కింద," అంది రజిత.

"అంటే నది డాక్యుమెంటు ప్రకారం లేదన్నమాట." తప్పు నదిదే అన్నట్టు ఆయన దాని వంక చూశారు. "పోనీండి, తర్వాతి అంశం. 'ఒడ్డున మూడు నల్లటి నున్నటి బండలు. వాటి మీద కూర్చుని చాయ్ తాగవచ్చు.' ఆఁ, అవిగో."

నిజంగానే బురదలో మూడు నల్లటి బండలు ఉన్నాయి. దేవుడున్నాడనుకున్నాను. ఆయన ఫ్లాస్కు పట్టుకుని వెళ్ళి మధ్య బండ మీద నెమ్మదిగా కూర్చున్నారు. బండ లేచి నిలబడింది.

ఫ్లాస్కు ఒకవైపు, కళ్ళద్దాలు ఒకవైపు, మా మేనేజరు బురదలో. బండ తోక విదిలించి ఆయన చొక్కా మీద తన టిక్కు తాను పెట్టింది.

"ఓ సారూ, నా బర్రె మీద ఎందుకు కూసుంటున్నవ్?"

ఒడ్డున తన పుట్టి పడవ పక్కన వల సర్దుతున్న అరవయ్యేళ్ళ మనిషి, కొంగు నడుముకు చుట్టి వచ్చింది. పేరు యాదమ్మ. ఆయన లేచి, బురద చేత్తోనే డాక్యుమెంటు చూపించి, అందులో ఉన్నదంతా చదివి వినిపించారు. ఆమె గడ్డం కింద చెయ్యి పెట్టుకుని విన్నది.

"గీ బర్రెలు రోజూ ఈడనే పంటయ్. ఎవరు రాసిండ్రు సారూ గా కాయితం?"

"మా హారిక గారేనండి. ఇక్కడంతా తిరిగి రాశారు."

యాదమ్మ నన్ను కిందినుంచి పైకి చూసింది. "ఎప్పుడొచ్చినవ్ బిడ్డా?"

అందరూ నావైపే చూస్తున్నారు. రజిత కూడా, కొంచెం కళ్ళు చిన్నవి చేసి. నాకు తల ఊపడానికి కూడా మెడ తిరగలేదు. హరితా, నీ పని అయిపోయింది అనుకున్నాను.

యాదమ్మ బర్రె వీపు మీద చెయ్యి వేసి, "ఆఁ, యాదికొచ్చింది," అంది. "ఎండకాలం వచ్చింది సారూ ఈ పిల్ల. నేనే తిప్పిన. అప్పుడు ఈడ నీళ్ళు లేకుండె. బర్రెలు కదలక పండుకుంటే బండలే అనుకున్నది, పట్నం పిల్ల గదా."

"అదీ సంగతి," అన్నారు సుధాకర్ గారు తృప్తిగా. "చూశారా, డాక్యుమెంటు తప్పు కాదు. సీజను తేడా."

ఆ తర్వాత యాదమ్మ మమ్మల్ని పుట్టిలో రెండు విడతలుగా ఆవలికి దాటించింది. మొదట సుధాకర్ గారు తెడ్డు అడిగి తీసుకున్నారు. పుట్టి పెద్ద గంపలాంటిది కదా, ఉన్నచోటే గుండ్రంగా తిరిగింది. నాలుగో చుట్టుకు ఆయన, "డాక్యుమెంటులో ప్రదక్షిణలు లేవండీ," అని తెడ్డు తిరిగిచ్చేశారు. యాదమ్మ ముందుకు వంగి నీళ్ళను తనవైపు లాక్కుంటుంటే, పుట్టి బుద్ధిగా, గీత గీసినట్టు సాగింది. అంత చక్కని పని అంత తక్కువ చప్పుడుతో చేసే మనిషిని నేను మా ఆఫీసులో చూడలేదు. ఆవలి మెట్ల మీద కూర్చుని, కాళ్ళు నీళ్ళలో పెట్టి, ఒలికిపోగా మిగిలిన చాయ్ పంచుకున్నాం. ఇంత బాగున్న రోజు నా డైరీలో అంతకు ముందు ఒక్కటీ లేదు, ఊహించి రాసినవి కలుపుకుని కూడా.

ఆ డాక్యుమెంటు ఇప్పటికీ ఫ్రిజ్ మీదే ఉంది. అడుగున సుధాకర్ గారు "బండలు సీజనును బట్టి కదులుతాయి" అని చేర్చారు. నన్ను హారిక అనే పిలుస్తున్నారు. నేనూ నా బోరబండ మంచం సాక్షిగా, లైబ్రరీ కార్డు మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేశాను. నా కాలికి బురద అంటని ఏ ఊరి గురించీ ఇక ఒక్క వాక్యం రాయను, నల్లగా కనిపించిన ప్రతిదాని మీదా మా మేనేజరును కూర్చోబెట్టను.

ఈ ప్రమాణం నా సొంత ఆలోచనేం కాదు. ఆ సాయంత్రం అందరూ వ్యానెక్కాక యాదమ్మ నా చున్నీ పట్టుకుని ఆపింది. చెవి దగ్గరికి వంగి, నవ్వకుండా చెప్పింది.

"ఇంకోసారి జర వచ్చినంక రాయి బిడ్డా."