చేతుల్లో లేని కొబ్బరిచిప్ప

న్యూకాసిల్ నుంచి లీడ్స్ వెళ్ళే రైలు పొలాల మధ్య ఆగిపోయింది. ఎంతకీ కదలదు. నేను ఫోను తీయడం, పెట్టేయడం. ఎదుటి సీట్లో ఒక సమోవా ఆవిడ తనలో తను ఏదో వల్లె వేసుకుంటూ నవ్వుకుంటోంది. నేను చూడటం గమనించి, మ్యూజియంలలో కామెడీ చేస్తానని, రేపే ప్రదర్శన అని చెప్పింది.

"అక్కడ నవ్వడానికి ఏముంటుందండీ?" విసుగ్గానే అడిగాను.

"పసిఫిక్ సముద్రంలోని మా దీవి నుంచి పట్టుకొచ్చిన పీట ఒకటి గాజుపెట్టెలో ఉంది. పూజారి ఆసనమని రాశారు. మమ్మల్నెవరూ అడగలేదు."

ఆవిడ సీటు అంచుకు జరిగి, ముందుకు వంగి, లేని చిప్పను రెండు చేతులతో పట్టుకుని గుండ్రంగా తిప్పసాగింది.

"కొబ్బరి కోరుతున్నారా?" అన్నాను. కోనసీమలో మా అమ్మ వంటింట్లోనూ ముందు ఇనుప పళ్ళున్న అలాంటి పీటే ఉండేది.

ఆవిడ చేతులు ఆగాయి. "ఇన్ని ఊళ్ళలో ఆడాను. చెప్పకుండా పోల్చుకున్నది మీరే. అయితే రెండో చిప్ప మీరు పట్టండి."

నేనూ వంగి తిప్పాను. పక్కనున్నాయన, కొబ్బరికోరు రాలిపడుతుందన్నట్టు, లాప్‌టాప్ దూరంగా జరుపుకున్నాడు.

ఆవిడ పేరు అడగలేదు. ఇప్పటికీ గాజుపెట్టె ముందు నిలబడితే, పక్కన రాసింది చదివేలోపే నా చేతులు కదులుతాయి.